జెర్సీ నంబరు ఆడే స్థానానికి సరిపోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

జట్టుకు కొత్త జెర్సీలు వచ్చిన ప్రతిసారీ నంబర్ల గురించి దాదాపు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, దశలవారీగా ఇక్కడ చేర్చాం. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరకు వారు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదట తేల్చుకోవలసినవి

నంబరు స్థానానికి సరిపోవాలా, అక్కర్లేదా? సూటిగా చెప్పండి.

ఎవరు ఏ స్థానంలో ఆడుతున్నారో తెలియనిదే నియమాన్ని అమలు చేయలేని ఆటల్లో సరిపోవాలి; మిగిలిన ఆటల్లో అక్కర్లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాస్ అందుకోవడానికి ఎవరు అర్హులో, నెట్‌బాల్‌లో ఎవరు ఏ గీత దాటవచ్చో ఆడే స్థానమే నిర్ణయిస్తుంది కాబట్టి ఆ స్థానం ఒంటి మీద కనిపించి తీరాలి. ఫుట్‌బాల్ నియమాల దృష్టిలో మాత్రం గోల్ కీపర్ ఒక్కడే వేరు, మిగిలిన పదిమందీ సమానులే. ఆ గోల్ కీపర్‌ను కూడా చొక్కా రంగే పట్టిస్తుంది. బాస్కెట్‌బాల్, క్రికెట్, కబడ్డీ వంటి ఆటల్లో నంబరు మనిషిని గుర్తుపట్టడానికే తప్ప అతని పనిని చెప్పడానికి కాదు. ఈ తేడాను గమనించకుండా అన్ని ఆటలకూ ఒకే సూత్రం వెతకడం వల్లనే ఈ చర్చ ఎప్పటికీ తెగదు.

అసలు నంబర్లు పుట్టిందే స్థానాలను చూపడానికి కదా?

పూర్తిగా కాదు. ఇంగ్లండ్ లీగ్ ఫుట్‌బాల్‌లో 1928 ఆగస్టు 25న ఆర్సెనల్, చెల్సీ జట్లు నంబర్లున్న చొక్కాలతో దిగినప్పుడు, దూరాన కూర్చున్న ప్రేక్షకుడికి ఎవరు ఎవరో తెలియడమే ప్రధాన ప్రయోజనం. 1933 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ మరీ ఆసక్తికరమైనది. ఎవర్టన్ ఆటగాళ్లు 1 నుంచి 11 వరకు వేసుకుంటే మాంచెస్టర్ సిటీ ఆటగాళ్లు 12 నుంచి 22 వరకు వేసుకున్నారు, సిటీ గోల్ కీపర్ నంబరు 22. అంటే ఒకే మైదానంలో ఏ నంబరూ రెండుసార్లు కనబడకూడదన్నదే అక్కడి ఆలోచన. ఇంగ్లిష్ లీగ్ 1939లో నంబర్లను తప్పనిసరి చేసిన తరువాత, స్థానాల క్రమంలో 1 నుంచి 11 వరకు వేసుకోవడం స్థిరపడింది.

ఫుట్‌బాల్‌లో 2, 3 బ్యాక్‌లు అయినప్పుడు వాళ్ల మధ్యలో 5 ఎందుకు ఉంటాడు? 4 ఎటు పోయాడు?

ఇది చరిత్ర మిగిల్చిన చిక్కు. నంబర్లు వేసేనాటికి జట్టును కాగితం మీద 2-3-5 పద్ధతిలో రాసేవారు. గోల్ కీపర్ 1, ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు 2, 3, ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు 4, 5, 6, ముందు వరుసలో కుడి నుంచి ఎడమకు 7, 8, 9, 10, 11. ఈ క్రమంలో 5 మధ్య వరుసలో నడుమ ఆడే సెంటర్ హాఫ్. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారి, ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురికి బదులు ఇద్దరు ప్రత్యర్థులుంటే చాలన్నారు. దానితో దాడి సులువై, రక్షణకు మరో మనిషి అవసరమయ్యాడు. ఆ సెంటర్ హాఫ్‌నే ఇద్దరు బ్యాక్‌ల మధ్యకు దింపారు, 4 మధ్య వరుసలోనే ఉండిపోయాడు. మనిషి వెనక్కి వెళ్లినా, ఆ స్థానానికి అలవాటైన నంబరు మారలేదు.

ఇతర దేశాల్లో మార్పు వేరే దారిలో జరిగింది. అర్జెంటీనాలో 5 ఇప్పటికీ రక్షణకు ముందు నిలిచే మిడ్‌ఫీల్డర్ నంబరే; అక్కడ సెంటర్ బ్యాక్‌లు 2, 6 వేసుకుంటారు, రైట్ బ్యాక్ 4, లెఫ్ట్ బ్యాక్ 3. బ్రెజిల్‌లో లెఫ్ట్ బ్యాక్ అంటే 6. అందుకే రాబెర్టో కార్లోస్ అదే స్థానంలో ఆడుతూ రియల్ మాడ్రిడ్‌కు 3, బ్రెజిల్‌కు 6 వేసుకున్నాడు. “సరైన నంబరు” ఏదో తేల్చమని అడిగేవారు ముందుగా ఏ దేశపు లెక్క ప్రకారమో చెప్పాలి.

## ఆటను బట్టి

రగ్బీలో మాత్రం నంబరే స్థానం అంటారు. అది నిజమేనా?

రగ్బీ యూనియన్‌లో నిజమే. ఆట మొదలుపెట్టే పదిహేనుమందిలో 1 లూస్‌హెడ్ ప్రాప్, 2 హుకర్, 3 టైట్‌హెడ్ ప్రాప్, 9 స్క్రమ్ హాఫ్, 10 ఫ్లై హాఫ్, 15 ఫుల్ బ్యాక్. 8లో ఆడేవాడి స్థానానికి ఆ నంబరు తప్ప వేరే పేరే వాడుకలో లేదు. రెండు జట్లూ భుజాలు ఆనించి బంతి కోసం నెట్టుకునే స్క్రమ్‌లో ముందు వరుసలో తలలు దూర్చే ముగ్గురికి ప్రత్యేక శిక్షణ ఉండాలి, లేకపోతే మెడకు ప్రమాదం. అందుకే ఆ ముగ్గురిలో ఒకరు బయటకు వెళ్లినప్పుడు శిక్షణ ఉన్న మరొకరు లేకపోతే, స్క్రమ్‌ను బలప్రయోగం లేకుండా జరిపిస్తారు. ఇలాంటి చోట ఎవరు ఏ పని చేస్తున్నారో రిఫరీకి వెంటనే తెలియడం నిజంగా ఉపయోగపడుతుంది.

అయితే ఇక్కడా మినహాయింపులున్నాయి. స్క్రమ్ అంచుల్లో ఆడే ఇద్దరు ఫ్లాంకర్లలో, దక్షిణాఫ్రికాలో ఓపెన్‌సైడ్ (మైదానం ఎక్కువ ఖాళీగా ఉన్న వైపు) ఫ్లాంకర్ 6, బ్లైండ్‌సైడ్ ఫ్లాంకర్ 7. చాలా దేశాల్లో ఇది తారుమారుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని లెస్టర్ టైగర్స్ క్లబ్ చాలా కాలం నంబర్లకు బదులు అక్షరాలే వాడింది. వారి ముందు వరుస ముగ్గురికీ “ఏబీసీ క్లబ్” అని పేరు వచ్చింది అందువల్లనే. 16 నుంచి 23 వరకు ఉండే ప్రత్యామ్నాయ ఆటగాళ్లు లోపలికి వచ్చిన తరువాత కూడా తమ నంబరే ఉంచుకుంటారు కాబట్టి, ఆట చివరి ఇరవై నిమిషాల్లో నంబరుకూ స్థానానికీ ఉన్న ముడి సగం వదులైపోతుంది.

రగ్బీ లీగ్ వేరే ఆట, అక్కడ ఫుల్ బ్యాక్ నంబరు 15 కాదు, 1.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో నంబరు తప్పుగా ఉంటే ఏమవుతుంది?

ఒక్కొక్కసారి మ్యాచే పోతుంది. దాడి చేసే జట్టులో 50 నుంచి 79 వరకు నంబర్లున్నవారు ముందుకు విసిరిన పాస్‌ను అందుకోవడానికి సాధారణంగా అనర్హులు. అలాంటి నంబరున్న ఆటగాడు ఒక ఎత్తులో పాస్ అందుకోవలసి ఉంటే, ఆ ఎత్తు మొదలయ్యే ముందే రిఫరీ దగ్గరకు వెళ్లి తాను అర్హుడిగా ఆడుతున్నానని చెప్పాలి. ఆ విషయాన్ని రిఫరీ ప్రత్యర్థి జట్టుకు తెలియజేస్తాడు.

2023 డిసెంబరు 30న డెట్రాయిట్ లయన్స్, డాలస్ కౌబాయ్స్ మ్యాచ్‌లో జరిగినది దీనికి మంచి ఉదాహరణ. చివరి క్షణాల్లో రెండు పాయింట్ల ప్రయత్నంలో లయన్స్ తరఫున 68వ నంబరు ఆటగాడు పాస్ అందుకున్నాడు. కాని తన దగ్గరకు వచ్చి చెప్పినది 70వ నంబరు ఆటగాడని రిఫరీ భావించడంతో ఆ పాయింట్లు చెల్లలేదు, లయన్స్ 20-19 తేడాతో ఓడిపోయింది. ఎవరు ఎవరికి ఏమి చెప్పారన్న వాదం అలా ఉంచితే, రెండు నంబర్లలో ఏది అర్హమైనదన్న ఒక్క ప్రశ్న మీద ఫలితం నిలబడింది. నంబరుకు నియమపరమైన అర్థం ఉన్న ఆట అంటే ఇది. మిగతా నిబంధనలను మాత్రం ఈ ఆట ప్రధాన లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ 2021లో బాగా సడలించింది. రన్నింగ్ బ్యాక్‌లు, రిసీవర్లు ఇప్పుడు ఒంటి అంకె నంబర్లు కూడా వేసుకోవచ్చు.

నెట్‌బాల్‌లో నంబర్ల బదులు అక్షరాలు ఎందుకు?

ఏడుగురిలో ప్రతి ఒక్కరికీ కోర్టులో తిరగగలిగిన భాగాలు నిర్ణయించి ఉంటాయి. గోల్ షూటర్‌కు జీఎస్, సెంటర్‌కు సీ, గోల్ కీపర్‌కు జీకే అని తొడుగుల మీద రాసి ఉండడం వల్ల, ఒక క్రీడాకారిణి తనది కాని భాగంలో కాలు పెట్టిన వెంటనే అంపైర్ పట్టుకోగలుగుతారు. స్థానం మారితే తొడుగు కూడా మార్చుకోవాలి. నంబరు, స్థానం ఒకటే కావాలని గట్టిగా వాదించేవారికి నచ్చవలసిన ఆట ఇదే.

బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్‌ను “వన్” అని, సెంటర్‌ను “ఫైవ్” అని అంటారు కదా, మరి జెర్సీ మీద అవే ఎందుకు ఉండవు?

ఆ 1 నుంచి 5 వరకు అంకెలు కోచ్‌లు వ్యూహం గీసుకోవడానికి వాడే భాష. జెర్సీతో వాటికి సంబంధం లేదు. బేస్‌బాల్‌లోనూ ఇంతే. స్కోరు రాసేటప్పుడు పిచర్ 1, క్యాచర్ 2, షార్ట్‌స్టాప్ 6. వీపు మీద మాత్రం ఏ నంబరైనా ఉండవచ్చు.

బాస్కెట్‌బాల్‌లో నంబర్లను శాసించినది స్థానం కాదు, రిఫరీ చేతివేళ్లు. అమెరికా కళాశాలల పోటీల్లో చాలాకాలం 0 నుంచి 5 వరకు అంకెలతో ఏర్పడే నంబర్లనే అనుమతించారు. ఫౌల్ చేసిన ఆటగాడి నంబరును రిఫరీ ఒక్కో చేతితో ఒక్కో అంకెగా స్కోరర్‌కు చూపాలి, ఒక చేతికి ఐదు వేళ్లే ఉన్నాయి మరి. ఆ పరిమితిని 2023-24 సీజన్ నుంచి ఎత్తివేశారు. అంతర్జాతీయ పోటీల్లో ఒకప్పుడు 4 నుంచి 15 వరకే ఉండేవి.

వాలీబాల్ కోర్టులో 1 నుంచి 6 వరకు స్థానాలు ఉన్నాయి. వాటి ప్రకారమే జెర్సీలు ఇస్తే సులువు కాదా?

సర్వీసు మొదటిసారి తమకు దక్కగానే ఆటగాళ్లందరూ గడియారం తిరిగే దిశలో ఒక స్థానం జరుగుతారు కాబట్టి, ఆ లెక్క అక్కడితోనే తప్పిపోతుంది. స్కోరర్ ముందున్న కాగితాన్ని ఒకసారి చూస్తే విషయం స్పష్టమవుతుంది. సెట్ మొదలయ్యే ముందు కోచ్ ఇచ్చే చీటీలో ఆరు స్థానాలకు ఎదురుగా ఆరు జెర్సీ నంబర్లు రాసి ఉంటాయి, ఆ వరుస ఆధారంగానే ఎవరి సర్వీసు వంతు ఎప్పుడో స్కోరర్ చూసుకుంటాడు. స్థానం సంఖ్య, మనిషి సంఖ్య వేర్వేరుగా ఉండడం వల్లనే ఆ పద్ధతి పనిచేస్తోంది. వెనుక వరుసలో రక్షణకే ఆడే, ప్రత్యేక నియమాలు వర్తించే లిబెరోను నంబరుతో కాక వేరే రంగు జెర్సీతో గుర్తిస్తారు.

క్రికెట్‌లో నంబరుకూ బ్యాటింగ్ క్రమానికీ సంబంధం ఉందా?

లేదు. ధోనీ 7, కోహ్లీ 18, రోహిత్ 45 వేసుకున్నది బ్యాటింగ్ క్రమాన్ని బట్టి కాదు. టెస్టుల్లోనైతే నంబర్లు రావడమే 2019 యాషెస్ సిరీస్‌తో.

## నంబర్లు పంచేటప్పుడు

మా జట్టులో ఇరవైమంది ఉన్నారు. మొదటి పదకొండుమందికి స్థానాల వారీగా ఇస్తే మిగిలినవాళ్ల సంగతి ఏమిటి?

ముందుగా రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవాలి. మొదటిది, ప్రతి మ్యాచ్‌కూ దిగేవారికి 1 నుంచి 11 వరకు పంచడం. ఇందులో నంబరు స్థానానిది. రెండవది, సీజన్ అంతటికీ ఒక మనిషికి ఒకే నంబరు ఇవ్వడం. ఇందులో నంబరు మనిషిది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో 1954 నుంచి రెండవ పద్ధతి నడుస్తోంది, ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ 1993-94లో ఆటగాళ్ల పేర్లతో సహా దానికి మారింది.

రెండింటినీ కలిపితేనే తలనొప్పి. సీజన్ ఆరంభంలో స్థానాల ప్రకారం 1 నుంచి 11 వరకు ఇచ్చి వాటిని శాశ్వతం చేస్తే, మూడు నెలల తరువాత గాయాలు, మార్పులు వచ్చి ఆ లెక్క చెదిరిపోతుంది. పైగా 12 తరువాతి నంబర్లు వచ్చినవారికి తాము రెండవ శ్రేణి ఆటగాళ్లమన్న భావన మిగులుతుంది. జెర్సీ మీద పేరు కూడా ముద్రించదలచుకుంటే రెండవ పద్ధతి తప్ప వేరే దారి లేదు.

మా డిఫెండర్ 10 కావాలని పట్టుబడుతున్నాడు. ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, నియమం ఏదీ అడ్డురాదు. 2006లో ఆర్సెనల్ తన 10వ నంబరును డిఫెండర్ విలియం గాలాస్‌కు ఇచ్చింది. కొందరు అభిమానులకు అది మింగుడుపడకపోయినా ఆట ఆగలేదు. ఆలోచించవలసిన విషయం ఒక్కటే, ఆ నంబరు కోసం ఎదురుచూస్తున్న ఫార్వర్డ్ జట్టులో ఉన్నాడా అన్నది. ఉంటే ముందుగా అతనితో మాట్లాడడం మంచిది. 7, 9, 10 వంటి నంబర్లకు ఉన్న మోజు స్థానం వల్ల వచ్చినది కాదు, వాటిని వేసుకొని ఆడినవారి వల్ల వచ్చినది.

గోల్ కీపర్‌కు 1 తప్పనిసరా?

మీ పోటీ నిబంధనలను బట్టి ఉంటుంది. ప్రపంచ కప్‌లో ఇప్పుడు 1వ నంబరు గోల్ కీపర్‌కే ఇవ్వాలి, కాని ఒకప్పుడు అలా లేదు. 1974లో నెదర్లాండ్స్ జట్టులో 1 వేసుకున్నది ఫార్వర్డ్ రూడ్ గీల్స్, గోల్ కీపర్ యాన్ యోంగ్‌బ్లూడ్ నంబరు 8. 1982లో అర్జెంటీనా మిడ్‌ఫీల్డర్ ఆర్డిలెస్ 1తో ఆడాడు. స్పెయిన్ లా లిగాలో 1, 13 నంబర్లు గోల్ కీపర్లకే. వాటర్ పోలోలో గోల్ కీపర్ టోపీ మీద 1, ప్రత్యామ్నాయ గోల్ కీపర్‌ది 13.

నిబంధన లేకపోయినా, గోల్ కీపర్‌కు 1 ఇవ్వడం మంచిదే. ఆట ఏ వ్యూహంలో నడిచినా ఆ స్థానం మారదు, కాబట్టి అక్కడ నంబరు అబద్ధమయ్యే అవకాశం చాలా తక్కువ.

అక్షర క్రమంలో ఇచ్చేస్తే గొడవ ఉండదు కదా?

కొంతవరకు ఉండదు. 1974లో నెదర్లాండ్స్, 1978, 1982ల్లో అర్జెంటీనా ఆ పనే చేశాయి. అయితే అక్షర క్రమంలో 1 రావలసిన నెదర్లాండ్స్ తార క్రైఫ్ తన 14నే ఉంచుకున్నాడు, 1982లో మారడోనాకు క్రమం తప్పించి 10 ఇచ్చారు. పెద్ద ఆటగాడు అడిగితే పద్ధతి వంగుతుందన్నమాట. చిన్న జట్లలో సీనియారిటీ ప్రకారం ఒక్కొక్కరిని ఎంచుకోనివ్వడం, సమానంగా ఉన్నచోట చీటీలు వేయడం ఇంతకంటే సులువు.

పిల్లలకు స్థానాల ప్రకారం ఇస్తే ఆట త్వరగా అర్థమవుతుందంటారు. నిజమేనా?

మా అభిప్రాయంలో దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. పదేళ్ల పిల్లవాడికి 2 ఇచ్చి రైట్ బ్యాక్ అని చెబితే, అతను ఆ గీత దగ్గరే ఉండిపోతాడు. ఆ వయసులో అన్ని స్థానాల్లోనూ ఆడించడమే అవసరం. ఎలాగూ పిల్లల జెర్సీల్లో నంబర్లు చాలాసార్లు కొలతల వరుసలో ఉంటాయి. చిన్న కొలతకు చిన్న నంబరు, పెద్ద కొలతకు పెద్ద నంబరు. అలాంటి సెట్‌లో అందరికంటే పొట్టివాడికి 2 లేదా 3, పొడుగువాడికి 14 వస్తాయి. చొక్కా మోకాళ్ల దాకా వేలాడకుండా ఉండడమే అక్కడ అసలు లెక్క.

## మైదానంలోకి దిగిన తరువాత

మ్యాచ్ మధ్యలో స్థానం మారితే జెర్సీ మార్చాలా?

ఫుట్‌బాల్, హాకీ, బాస్కెట్‌బాల్ ఆటల్లో సాధారణంగా అక్కర్లేదు. ఫుట్‌బాల్‌లో గోల్ కీపర్, మరో ఆటగాడు స్థానాలు మార్చుకుంటే మాత్రం ముందుగా రిఫరీకి చెప్పాలి, ఆట ఆగినప్పుడే మారాలి, కొత్తగా గోల్ దగ్గర నిలిచినవాడు వేరే రంగు చొక్కా వేసుకోవాలి. చెప్పకుండా మారితే ఇద్దరికీ పసుపు కార్డు.

ప్రత్యర్థి నంబరు చూసి ఎవరిని ఎవరు కాయాలో చెప్పేయవచ్చా?

ఆ అలవాటు ఎంత ఖరీదైనదో 1953 నవంబరు 25న వెంబ్లీలో జరిగిన ఇంగ్లండ్, హంగరీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తేలింది. ఆనాటి ఇంగ్లండ్ లెక్క ప్రకారం తమ 5వ నంబరు ప్రత్యర్థి 9వ నంబరును కాయాలి. హంగరీ 9వ నంబరు హిడెగ్కుటి సెంటర్ ఫార్వర్డ్‌లా ముందు నిలబడకుండా మధ్య వరుసలోకి దిగి ఆడాడు. ఇంగ్లండ్ సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్‌కు అతని వెంట వెళితే వెనుక ఖాళీ, వెళ్లకపోతే అతనికి స్వేచ్ఛ. హిడెగ్కుటి మూడు గోల్స్ చేశాడు, హంగరీ 6-3తో గెలిచింది. హంగరీ జట్టులో మిగతా నంబర్లు కూడా ఇంగ్లండ్ అలవాటుకు భిన్నమే. వారి 5వ నంబరు బోజిక్ మధ్య వరుసలో ఆడాడు, 3వ నంబరు రక్షణ నడుమ నిలిచాడు. కాబట్టి మీ ఆటగాళ్లకు చెప్పేటప్పుడు “9ని చూసుకో” అనడం కంటే “గోల్‌కు దగ్గరగా వచ్చేవాడిని చూసుకో” అనడం క్షేమం.

రిఫరీకి స్థానం తెలిస్తే మేలు కాదా?

ఫుట్‌బాల్ రిఫరీకి కావలసినది మనిషి గుర్తింపు. 2014 మార్చి 22న చెల్సీతో ఆడిన మ్యాచ్‌లో బంతిని చేతితో ఆపినది ఆర్సెనల్ 15వ నంబరు ఆక్స్‌లేడ్-చాంబర్లిన్ అయితే, బయటకు పంపబడినది 28వ నంబరు కీరన్ గిబ్స్. ఇలాంటి పొరపాటును తగ్గించేది స్పష్టంగా చదవగలిగే, ఒకదానితో ఒకటి కలవని నంబర్లే. 3, 8 ఒకేలా కనిపించే అలంకార లిపిని మానేయడం స్థానాల వాదం కంటే ముఖ్యం.

జెర్సీ మీద 10 ఉన్నవాడిని “ఫాల్స్ నైన్” అంటారేమిటి?

ఆ 9 ఇప్పుడు చొక్కా మీది అంకె కాదు, సెంటర్ ఫార్వర్డ్ స్థానం నుంచి మధ్య వరుసలోకి దిగి ఆడే పాత్ర పేరు. 2009 మేలో రియల్ మాడ్రిడ్‌పై బార్సిలోనా 6-2తో గెలిచినప్పుడు ఆ పాత్ర పోషించిన మెస్సీ వీపు మీద ఉన్నది 10. పాత 1-11 లెక్క చొక్కాల నుంచి చాలావరకు జారిపోయినా కోచ్‌ల మాటల్లో బతికే ఉంది. “మాకు మంచి సిక్స్ కావాలి” అని వారు అంటే రక్షణకు ముందు ఆడే మిడ్‌ఫీల్డర్ కావాలని అర్థం.

## సీజన్ ముగిసిన తరువాత

గొప్ప ఆటగాడి నంబరును ఇక ఎవరికీ ఇవ్వకుండా రిటైర్ చేస్తే స్థానాల పద్ధతికి చిక్కు కాదా?

చిక్కే. నంబరు మనిషిదైన చోటనే రిటైర్ చేయడం కుదురుతుంది. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్, మేటి ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ వేసుకున్న 99ని 2000లో అన్ని జట్లకూ కలిపి పక్కన పెట్టింది, 99 ఏ స్థానానిదీ కాదు కాబట్టి ఎవరికీ లోటు రాలేదు. మారడోనా గౌరవార్థం 10 లేకుండా 2002 ప్రపంచ కప్‌కు వెళ్లాలని అర్జెంటీనా ప్రయత్నిస్తే ఫిఫా ఒప్పుకోలేదు; వరుస నంబర్లన్నీ నిండాలన్నది నియమం, 10ని ఒర్తేగా వేసుకున్నాడు. రగ్బీ యూనియన్ జట్టు 10ని రిటైర్ చేస్తే ఫ్లై హాఫ్‌కు ఏమి తొడగాలో మళ్లీ వెతుక్కోవాలి.

సీజన్ నంబర్లు వదిలి మళ్లీ 1-11కి వెళ్లాలనుకుంటున్నాం. సాధ్యమేనా?

పోటీ నిర్వాహకులు ఒప్పుకుంటే సాధ్యమే. రగ్బీ లీగ్‌లో రెండు దారులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఆస్ట్రేలియాలోని ఎన్‌ఆర్‌ఎల్ 1 నుంచి 13 వరకు స్థానాలకే ఉంచింది, ఇంగ్లండ్‌లోని సూపర్ లీగ్ 1996 నుంచి సీజన్ నంబర్లకు మారింది. మారే ముందు మూడు విషయాలు చూసుకోండి. జెర్సీల మీద పేర్లు ఉండకూడదు. ఒక్కో నంబరుకు కనీసం రెండు కొలతల జెర్సీలు కావాలి, ఎందుకంటే ఒక వారం 5లో ఆడేవాడు, మరో వారం ఆడేవాడు ఒకే ఒడ్డూ పొడవూ ఉండరు. గోల్స్, కార్డులు, హాజరు వంటి లెక్కలను నంబరుతో కాక పేరుతో రాయడం మొదలుపెట్టాలి. మూడవదాన్ని మరచిపోయిన జట్టు సీజన్ చివర ఎవరికి ఎన్ని పసుపు కార్డులు వచ్చాయో తేల్చలేక, స్కోరు షీట్లన్నీ మొదటి నుంచి తిరగేయవలసి వస్తుంది.